గెలిచింది సరే, ఎంత గట్టిది?

మన ఐటీ మీటింగుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది. "రెండూ రన్ చేసి చూశాం, ఇదే బెటరు." ఎన్నిసార్లు రన్ చేశారు, ఏ డేటా మీద, ఏ మెషీన్లో అని అడిగామా, ఇక మనకేసి అదోలా చూస్తారు. పెళ్ళివారింట్లో కట్నం లెక్కలు అడిగినవాడిని చూసినట్టు! ఏఐ మోడళ్ళు వచ్చాక ఇది మరీ ముదిరింది. పోయినేడు నా కళ్ళముందే ఒక చోట రెండు టూల్స్‌కి ఆరు ప్రశ్నలతో పోటీ పెట్టారు. ఒకటి నాలుగింట్లో, ఇంకోటి రెండింట్లో నెగ్గింది. మొదటిదానికి ఏడాది లైసెన్సు కొనేశారు.

ఒక నాణేన్ని ఆరుసార్లు ఎగరేయండి. నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఒకే వైపు పడే అవకాశం ఎంతో తెలుసా? దాదాపు 69 శాతం. అంటే అచ్చంగా సమానమైన రెండు టూల్స్‌కి ఆరు ప్రశ్నల పోటీ పెడితే, మూడింట రెండుసార్లు ఎవరో ఒకరు "స్పష్టంగా" గెలిచినట్టే కనపడతారు.

ఈ విషయంలో మనకంటే చాలా ముందే తిప్పలుపడి, ఒక్కో పాఠం ఒక్కో దశాబ్దంలో నేర్చుకున్నవాళ్ళున్నారు. వాళ్ళు చదరంగం ప్రోగ్రాములు రాసేవాళ్ళు. ప్రోగ్రాము రాయడం ఎంత కష్టమో, రాసినది నిన్నటిదానికన్నా బాగా ఆడుతోందా లేదా అని తేల్చడం కూడా అంత కష్టమని వాళ్ళకి అర్థమవడానికి సుమారు యాభై ఏళ్ళు పట్టింది. ఆ యాభై ఏళ్ళ కథే ఈ టపా. మధ్యమధ్యలో మా ఊళ్ళు కూడా వస్తాయి. నాది పుంగనూరు, చదివింది మదనపల్లెలో, ఉద్యోగం బెంగుళూరులో. ఉదాహరణ చెప్పాలంటే అవే నోటికొస్తాయి, ఏమనుకోకండి.

ముందు మా జిల్లా గొప్ప ఒకటి చెప్పుకోనివ్వండి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, శ్రీకాళహస్తి వైపు కాటూరు అనే ఊరుంది. 1937లో అక్కడ పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి గారినే ప్రపంచం రాజ్ రెడ్డి అంటుంది. గిండీ ఇంజినీరింగు కాలేజీలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా వెళ్ళి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు తీసుకున్నారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయన పని ప్రధానంగా మాటల్ని గుర్తుపట్టే కంప్యూటర్ల మీద. ఆయనకీ చదరంగానికీ ఏమిటి సంబంధం అంటారా? చెప్తాను.

ఆయన గురువు జాన్ మెకార్తీ. అవును, లిస్ప్ భాష కనిపెట్టిన మెకార్తీయే. ఇక్కడ రెడ్డి గారు డాక్టరేటు పూర్తి చేసిన ఆ 1966లోనే మెకార్తీ గారు ఇంకో పని మొదలుపెట్టారు. ఎంఐటీలో అలన్ కోటాక్, ఆయన తోటి విద్యార్థులు తన దగ్గర రాసిన చదరంగం ప్రోగ్రామును స్టాన్‌ఫర్డ్‌కి తెచ్చుకుని, మాస్కోలోని ఒక భౌతికశాస్త్ర సంస్థ వాళ్ళ ప్రోగ్రాముతో పోటీకి దింపారు. ఎత్తులు టెలిగ్రాఫులో వెళ్ళేవి. మొత్తం నాలుగు ఆటలు, తొమ్మిది నెలలు పట్టాయి. రెండు దేశాల ప్రోగ్రాములు తలపడిన మొదటి పోటీ అదే. మాస్కో 3-1తో గెలిచింది.

అందరికీ గుర్తుండేది ఆ 3-1. కానీ లోపల ఇంకో సంగతుంది. మాస్కో ప్రోగ్రాము రెండు ఆటల్లో మూడెత్తుల లోతు దాకా ఆలోచించింది, ఆ రెండూ డ్రా అయ్యాయి. మిగతా రెండింట్లో అయిదెత్తుల లోతుకి వెళ్ళింది, రెండూ గెలిచింది. ప్రోగ్రాము ఒకటే. ఇచ్చిన ఓపిక వేరు, ఫలితం వేరు. ఇంతకీ గెలిచింది ప్రోగ్రామా, దానికి ఇచ్చిన టైమా? "ఏ ప్రోగ్రాము గట్టిది" అనే ప్రశ్న సగం ప్రశ్నే అని అప్పుడే తెలిసొచ్చింది.

మా పుంగనూరు ఆవు సంగతి మీరు వినే ఉంటారు. ఎత్తు మూడడుగుల లోపే. దాన్ని జెర్సీ ఆవు పక్కన నిలబెట్టి రోజుకెన్ని లీటర్లు అని లెక్కేస్తే పాపం ఓడిపోతుంది. తిన్న మేతకి ఎన్ని పాలు, అందులో వెన్న ఎంత అని లెక్కేస్తే కథ మారిపోతుంది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఏది అడుగుతున్నామో చెప్పకుండా "ఏ ఆవు మంచిది?" అంటేనే తగువు. చదరంగం ప్రోగ్రాములకి మేత అంటే ప్రాసెసరూ, మెమరీ, గడియారమూ.

ఇక అంకెల దగ్గరికొద్దాం. బలానికి అంకె ఇచ్చే పద్ధతి యంత్రాల కోసం పుట్టింది కాదు. ఆర్పాడ్ ఎలో అనే భౌతికశాస్త్రం ప్రొఫెసరు మనుషుల కోసం తయారుచేశారు. అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫీడే 1970లో దాన్ని తీసుకున్నాయి. లెక్క సులువే. ఇద్దరి రేటింగుల తేడాని బట్టి ఎవరికి ఎంత శాతం పాయింట్లు రావాలో చెప్తుంది. తేడా 100 అయితే గట్టివాడికి 64 శాతం, 200 అయితే 76 శాతం. అంతకంటే ఎక్కువొస్తే రేటింగు పెరుగుతుంది, తక్కువొస్తే తగ్గుతుంది.

ఇందులో చాలామంది పట్టించుకోని మెలిక ఏమిటంటే, ఎలో చెప్పేది తేడా మాత్రమే. బరువుకి కిలో ఉన్నట్టు చదరంగ బలానికి ఒక రాయి లేదు. కుప్పం తీసుకోండి. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక, మధ్యలో మనం. కుప్పంలో ఆడేవాళ్ళు తమలో తామే ఆడుకుని ఒక రేటింగు పట్టిక పెట్టుకున్నారనుకుందాం. కృష్ణగిరి వాళ్ళు ఒకటి, కోలారు వాళ్ళు ఒకటి. మూడు పట్టికల్లోనూ 1800 అని ఉన్న ముగ్గురు సమానమేనా? చెప్పలేం. మూడు చోట్లా తిరిగి ఆడేవాళ్ళు కొందరుంటేనే ఆ మూడు పట్టికలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. లేకపోతే దేని లోకం దానిదే.

దీన్ని ఇప్పటి అంకెలకి తగిలించండి. మన వరంగల్లు కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు ఫీడే జాబితాలో 2801కి చేరాడు. స్టాక్‌ఫిష్ అనే ప్రోగ్రాముకి యంత్రాల జాబితాల్లో 3600 పైన కనిపిస్తుంది. "అయితే 800 తేడా" అని తీసివేత చేసేవాళ్ళని చాలామందిని చూశాను. ఆ తీసివేత కుదరదు. మొదటి అంకె మనుషుల గుంపులో పుట్టింది, రెండోది యంత్రాల గుంపులో. ఆ రెండు గుంపులూ గట్టిగా ఆడుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. 2006 చివర్లో బాన్ నగరంలో క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ చేతిలో 4-2తో ఓడాక, ప్రపంచ ఛాంపియన్లు యంత్రాలతో అలాంటి మ్యాచులు ఆడింది లేదు. స్టాక్‌ఫిష్ ఏ మనిషికన్నా గట్టిదనడంలో నాకు అనుమానమేమీ లేదు. 'ఎంత' అనేదానికే ఆ తీసివేత జవాబు కాదు.

మొదట్లో ఇలా కాదు, రెండు గుంపులూ కలిసే ఆడేవి. 1967లో ఎంఐటీలో రిచర్డ్ గ్రీన్‌బ్లాట్ రాసిన మ్యాక్‌హ్యాక్ మనుషుల టోర్నమెంట్లలో కూర్చుని, రేటింగు తెచ్చుకున్న మొదటి ప్రోగ్రాము అయింది. 1968లో డేవిడ్ లెవీ అనే స్కాట్లండు ఆటగాడు "పదేళ్ళలో ఏ ప్రోగ్రామూ నన్ను ఓడించలేదు" అని పందెం కాశాడు. అవతల పందెం కాసిన మొదటివాళ్ళలో మళ్ళీ మన మెకార్తీయే! 1978లో టొరంటోలో చెస్ 4.7 అనే ప్రోగ్రాముని 3.5-1.5తో ఓడించి లెవీ పందెం నెగ్గాడు.

పందేలతో లాభం లేదనుకున్నారో ఏమో, 1980లో ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ పేరు మీద మూడు మెట్ల బహుమతి పెట్టారు. దాన్ని నడిపింది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. మన రాజ్ రెడ్డి గారు 1969 నుంచి అక్కడే ఉన్నారు. 1979లో మొదలైన రోబోటిక్స్ సంస్థకి తొలి డైరెక్టరు ఆయనే, 1991 నుంచి 1999 దాకా కంప్యూటర్ సైన్సు స్కూలుకి డీనుగా ఉన్నారు. 1988లో అమెరికా కృత్రిమ మేధ సంఘం అధ్యక్షుడిగా చేసిన ప్రసంగంలో, ఆ రంగం ముందున్న మహా సవాళ్ళలో ఒకటిగా ప్రపంచ ఛాంపియన్ స్థాయి చదరంగ యంత్రాన్ని కూడా చేర్చారు. ఆ పని కూడా ఆయన చుట్టూనే జరుగుతోంది మరి. హైటెక్, చిప్‌టెస్ట్, డీప్ థాట్ యంత్రాలు అక్కడే పుట్టాయి. డీప్ థాట్ జట్టులో థామస్ అనంతరామన్ అనే మన దేశస్థుడు ఉన్నాడు. 1990లో ఆయన సమర్పించిన డాక్టరేటు వ్యాసం చదరంగంలో ఎంపిక చేసి వెతకడాన్ని గణాంకాలతో పరిశీలించడం గురించే. అంటే ఎత్తులు వెతికే పద్ధతి ఒక్కటే కాదు, దాన్ని కొలవడం కూడా పరిశోధనే అయిందన్నమాట.

ఫ్రెడ్కిన్ బహుమతి మెట్లు గమనించండి. మొదటి మెట్టు మాస్టర్ రేటింగు, 5 వేల డాలర్లు. 1983లో బెల్ ల్యాబ్స్ వాళ్ళ బెల్ యంత్రం అందుకుంది. తయారుచేసింది యూనిక్స్ రాసిన కెన్ థాంప్సనూ, జో కాండనూ. రెండో మెట్టు వరసగా 25 ఆటల్లో 2500 స్థాయి ఆట, 10 వేల డాలర్లు. 1989లో డీప్ థాట్ జట్టుకి ఇచ్చారు. మూడో మెట్టు ప్రపంచ ఛాంపియన్ని మ్యాచులో ఓడించడం, లక్ష డాలర్లు. అది 1997లో డీప్ బ్లూ తయారుచేసిన షూ, క్యాంప్‌బెల్, హోన్‌లకి దక్కింది.

ఇక్కడే నాకు తమాషాగా అనిపిస్తుంది. బహుమతి పెరిగేకొద్దీ పరీక్ష పలచబడింది! పది వేల డాలర్లకి 25 ఆటలు అడిగారు. లక్ష డాలర్లకి ఆరు ఆటలు సరిపోయాయి. 1997 మే నెలలో న్యూయార్కులో డీప్ బ్లూ రెండు గెలిచింది, ఒకటి ఓడింది, మూడు డ్రా. 3.5-2.5. దాన్ని ఎలో లెక్కలో పెడితే డీప్ బ్లూ 58 పాయింట్లు ఎక్కువ అని వస్తుంది. అయితే ఆరే ఆటలు కాబట్టి మామూలు 95 శాతం లెక్కన దానికి వచ్చే అటూఇటూ ఎంతో తెలుసా? రమారమి 140 తక్కువ నుంచి 310 ఎక్కువ దాకా! అంటే ఆ మ్యాచు చూసి "కాస్పరోవే గట్టివాడు" అన్నవాడిని కూడా లెక్కతో తప్పుపట్టలేం. ఏడాది ముందు ఫిలడెల్ఫియాలో ఇంతకుముందరి డీప్ బ్లూ మీద కాస్పరోవు 4-2తో గెలిచాడు. రెండూ కూడితే కాస్పరోవుకే 6.5-5.5. (మధ్యలో యంత్రం చాలా మారింది కాబట్టి కూడటం న్యాయం కాదు. ఊరికే సరదాకి.)

డీప్ బ్లూ గెలవలేదని నేననట్లేదు. గెలిచింది, ఆ రోజు చరిత్రే. ఛాంపియన్‌షిప్పు అంటే ఎవరు గెలిచారన్నది, బలం అంటే మళ్ళీమళ్ళీ ఆడితే ఏమవుతుందన్నది. రెండూ వేరు. ఆ రెండోది తెలుసుకునే దారి మూసుకుపోయింది. కాస్పరోవు మళ్ళీ ఆడదామన్నాడు, ఐబీఎం యంత్రాన్ని విశ్రాంతికి పంపేసింది. మళ్ళీ చేసి చూడ్డానికి వీల్లేని ప్రయోగం ఎంత గొప్పదైనా కొలత మాత్రం కాదు.

మరి ఎన్ని ఆటలు కావాలి? ఆటల్లో సగం డ్రాలు అనుకుని నేనే లెక్కేశాను, మీరూ వేసుకోవచ్చు. 100 పాయింట్ల తేడా ఉంటే పాతిక ఆటల్లో చూచాయగా తెలుస్తుంది. 20 పాయింట్ల తేడాకి 600 ఆటలు. 2 పాయింట్లకి 60 వేల ఆటలు! తేడా పదో వంతైతే ఆటలు వంద రెట్లు కావాలి. ఈ వర్గం లెక్క చాలా నిర్దయగా ఉంటుంది, ఏ మేనేజరు మాటా వినదు.

సీజన్లో మదనపల్లె టమాటా మండీకి వెళ్తే దీన్ని లెక్క లేకుండానే చెప్తారు. పైవరసలో నాలుగు కాయలు చూసి రేటు కట్టేవాడిని చూసి నవ్వుతారు. "పైనుండేటివి చూసి రేటు ఎట్ల జెప్తావ్‌నా, అడుగు బాక్సు దీయించు" అంటారు. మేలుకీ నాసికీ తేడా బాగా ఉంటే రెండు బాక్సులు చాలు. రెండు లోడ్లూ దాదాపు ఒకేలా ఉంటే ఎన్ని బాక్సులు దించినా తగువు తెగదు.

అన్ని ఆటలు ఆడించే ఓపిక ఎవరికుంది? అందుకని అడ్డదారి వెతికారు. 1982లో ఇవాన్ బ్రాట్కో, డానీ కోపెక్ కలిసి 24 స్థితుల పరీక్ష తయారుచేశారు. బోర్డు మీద ఒక స్థితి ఇచ్చి సరైన ఎత్తు కనిపెట్టమనడం. మనుషులకీ యంత్రాలకీ ఒకే పేపరు. గంటలో పని అయిపోతుంది. ఇలాంటి పేపర్లు తర్వాత చాలా వచ్చాయి. ఇక ఏం జరిగిందో ఎంసెట్ రాసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. బిట్ బ్యాంకు తెలిస్తే బిట్లకే చదువుతాం కదా! ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఆ స్థితుల్లో మార్కులొచ్చేలా ప్రోగ్రాముల్ని సవరించుకున్నారు. పేపర్లో మార్కులు పెరిగాయి, ఆట అలాగే ఉంది. ఒక్కోసారి తగ్గింది కూడా. పెద్ద మెరుపు ఎత్తు కనిపెట్టడం వేరు, నలభై ఎత్తుల పాటు పిచ్చి ఎత్తు వెయ్యకుండా ఉండటం వేరు.

సరే, ఆడించక తప్పదు. అలా ఓపిగ్గా ఆడించినవాళ్ళు స్వీడన్ వాళ్ళు. అక్కడి చదరంగ కంప్యూటర్ల సంఘం 1984 నుంచి రేటింగు పట్టిక వేస్తోంది. సభ్యులు ఇళ్ళల్లోనే రెండు చదరంగం పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని, దీని ఎత్తు దాని మీద, దాని ఎత్తు దీని మీద చేత్తో జరుపుతూ కూర్చునేవారు. నలభై ఎత్తులకి రెండు గంటల లెక్కన ఒక్క ఆటకి ఒక పూట పోయేది. జీతం లేదు, పేరు లేదు. తొంభైల్లో రెండు పీసీల సీరియల్ పోర్టులకి కేబులు తగిలించి వాటంతటవే ఆడుకునేలా చేశాక కాస్త ఊపిరి పీల్చుకున్నారు. 2000లో యూసీఐ అనే ప్రోటోకాల్ వచ్చాక ఏ ప్రోగ్రామునైనా ఏ తెరలోనైనా తగిలించడం సులువైపోయింది. ఇంటర్‌ఫేసు స్టాండర్డు ఒకటుంటే టెస్టింగు ఎంత సులువవుతుందో మనకి తెలియనిదా?

ఆ పట్టికతో ఒక మంచి జరిగింది. కంపెనీలు అట్టపెట్టెల మీద "గ్రాండ్‌మాస్టర్ స్థాయి" అని ఏం రాసుకున్నా, జనం స్వీడన్ పట్టిక చూసి కొనడం మొదలెట్టారు. ఒక చెడు కూడా జరిగింది. పట్టికకి విలువ పెరిగేసరికి పట్టిక కోసమే తయారయ్యే ప్రోగ్రాములొచ్చాయి. ఫలానా ప్రత్యర్థి ఫలానా ఓపెనింగులో ఓడిపోతుందని ముందే కనిపెట్టి దాన్ని పుస్తకంలో పెట్టుకోవడం, ఒకసారి గెలిచిన ఆటనే గుర్తుపెట్టుకుని మళ్ళీ మళ్ళీ గెలవడం. అప్పుడది ప్రోగ్రాము బలమా, పుస్తకం బలమా? దీనికి విరుగుడుగా బ్రిటిష్ గ్రాండ్‌మాస్టరు జాన్ నన్ ఎంచిన పది స్థితుల నుంచి ఆడించడం మొదలెట్టారు. పుస్తకాలు బంద్. ఒక్కో స్థితి రెండుసార్లు, ఒకసారి తెల్లతో, ఒకసారి నల్లతో. స్థితిలో మొగ్గు ఏమైనా ఉంటే ఇద్దరికీ సమానంగా అందుతుంది.

తనతో తానే ఆడించుకునే పద్ధతి కూడా అప్పటికే ఉంది. కెన్ థాంప్సన్ 1982లో ప్రచురించిన ప్రయోగంలో బెల్ ప్రోగ్రామునే మూడెత్తుల లోతు నుంచి ఎనిమిదెత్తుల లోతు దాకా రకరకాలుగా పెట్టి, వాటిలో వాటికే పోటీలు పెట్టాడు. ఒక్కో ఎత్తు లోతు పెరిగితే సుమారు 200 పాయింట్లు పెరుగుతున్నట్టు తేలింది. మాస్కో 3-1 వెనకున్న రహస్యానికి పదిహేనేళ్ళ తర్వాత వచ్చిన అంకె అది. అయితే ఇందులోనూ మెలికుంది. అన్నదమ్ములు కొట్టుకుంటే కొంచెం బలం ఎక్కువున్నవాడే అస్తమానం గెలుస్తాడు. ఆలోచనా పద్ధతి ఒకటే కాబట్టి లోతుగా చూసేవాడికి అవతలివాడి మనసంతా కనపడిపోతుంది. బయటివాళ్ళతో ఆడితే అంత తేడా రాదు.

ఇప్పుడు అసలు మలుపు. స్టాక్‌ఫిష్ 2008లో పుట్టిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. 2013లో గ్యారీ లిన్స్కాట్ దానికి ఫిష్‌టెస్ట్ అనే ఏర్పాటు తయారుచేశాడు. ప్రపంచంలో ఎవరైనా తమ ఖాళీ కంప్యూటర్లని దానికి అప్పుగా ఇవ్వచ్చు. ఎవరైనా ఒక ప్యాచు పంపొచ్చు. పాత ప్రోగ్రాము, కొత్త ప్రోగ్రాము వేల ఆటలు ఆడతాయి. ముందు ఒక్కో ఆటకి పది సెకన్లు, ఎత్తుకి పదో వంతు సెకను అదనంగా. అది పాసైతే ఒక నిమిషం ఆటలు. రెండూ పాసైతేనే కోడులోకి. ఎవరు రాశారన్నది ఎవరికీ పట్టదు.

60 వేల ఆటల లెక్క గుర్తుందిగా? ప్రతి ప్యాచుకీ అన్ని ఆడించాలంటే ఎవరి తరమూ కాదు. ఇక్కడే అబ్రహాం వాల్డ్ అనే గణాంకవేత్త ఆదుకున్నాడు. (ఎలో, వాల్డ్ ఇద్దరూ ఏడాది తేడాతో ఒకే ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో పుట్టారు. బుల్లెట్ రంధ్రాలు పడ్డ విమానాల కథ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది చూడండి, ఆ వాల్డే.) రెండో ప్రపంచయుద్ధ కాలంలో 1943లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయనొక పద్ధతి కనిపెట్టాడు. మందుగుండు పరీక్షల్లో ముందే ఇన్ని పేలుస్తామని లెక్క కట్టుకోకుండా, ఒక్కోటి పేల్చగానే "ఇప్పటిదాకా వచ్చింది చాలా, ఇంకా కావాలా?" అని అడుగుతూ పోవడం. ఫలితం స్పష్టంగా ఉంటే తొందరగా ఆపెయ్యొచ్చు, తేలకపోతే కొనసాగించాలి. ఎంత తప్పు భరించగలమో మాత్రం ముందే రాసిపెట్టుకోవాలి. ఫిష్‌టెస్ట్‌లో నడిచేది సరిగ్గా ఇదే. "లాభం సున్నా" అనే వాదనకీ "రెండు పాయింట్ల లాభం" అనే వాదనకీ మధ్య, తప్పుకి అయిదు శాతం చోటిచ్చి ఆటలు సాగుతాయి. పనికిరాని ప్యాచు త్వరగానే బయటికి పోతుంది.

వాల్డ్ భారత ప్రభుత్వ ఆహ్వానం మీద ఉపన్యాసాలివ్వడానికి మన దేశం వచ్చి, 1950 డిసెంబరు 13న విమాన ప్రమాదంలో భార్యతో సహా చనిపోయాడు. ఎక్కడో తెలుసా? నీలగిరి కొండల్లో. మనం ఐటీ వాళ్ళం లాంగ్ వీకెండు వస్తే కారేసుకుని ఊటీ పోతాం, ఆ కొండల్లోనే. నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ ఘాటు రోడ్డెక్కితే ఆయనే గుర్తొస్తాడు.

ఫిష్‌టెస్ట్ నుంచి నేర్చుకోవలసిన అసలు సంగతి ఏమిటంటే, అక్కడ ఎక్కువ ప్యాచులు ఫెయిలవుతాయి. రాసేవాళ్ళు సామాన్యులు కారు, ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్నవాళ్ళు. "ఇది కచ్చితంగా పనిచేస్తుంది" అని నమ్మి పంపినవే. అయినా ఎక్కువ భాగం ఎర్ర రంగులో తిరిగొస్తాయి. ఎవరూ సిగ్గుపడరు. పాసైనవి ఒక్కోటి ఒకటో రెండో పాయింట్లు, అలా చీమలు పుట్ట పెట్టినట్టు పోగుపడి స్టాక్‌ఫిష్‌ని మిగతావాటికి అందనంత దూరం తీసుకెళ్ళాయి. 2020లో న్యూరల్ నెట్‌వర్కు పెట్టినప్పుడు కూడా ఇదే తక్కెడలో తూచి పెట్టారు.

ఇదంతా పాత చింతకాయ పచ్చడి అనుకునేవాళ్ళ కోసం ఆల్ఫాజీరో సంగతి. 2017 డిసెంబరులో డీప్‌మైండ్ వాళ్ళు ఆల్ఫాజీరో స్టాక్‌ఫిష్ 8 మీద వంద ఆటల్లో 28 గెలిచి, ఒక్కటీ ఓడలేదని ప్రకటించారు. లోకం ఊగిపోయింది. చదరంగం ప్రోగ్రాములవాళ్ళు మాత్రం మేత ఎంతని అడిగారు. స్టాక్‌ఫిష్‌కి 64 థ్రెడ్లిచ్చి మెమరీ ఒక్క గిగాబైటే ఇచ్చారేం? ఎత్తుకి ఒక నిమిషం అని బిగించి, తన టైము తాను సర్దుకునే దాని తెలివిని ఎందుకు పక్కనపెట్టారు? 2018 డిసెంబరులో వచ్చిన పూర్తి పరిశోధనాపత్రంలో 44 కోర్లు, 32 గిగాబైట్లు, మామూలు గడియారంతో వెయ్యి ఆటలు ఆడించారు. ఆల్ఫాజీరో 155 గెలిచి 6 ఓడింది, మిగతావి డ్రాలు. ఆల్ఫాజీరో గట్టిదే, సందేహం లేదు. కాకపోతే మొదటి ఫలితాన్ని ఎలోలోకి మారిస్తే తేడా 100 పాయింట్లు, రెండోదాన్ని మారిస్తే 52. షరతులు మారేసరికి తేడా దాదాపు సగం అయింది. రెండూ నిజమే, ఏ షరతుల్లో అన్నది పక్కన రాసుకుంటేనే.

ఈ గోలంతా మనకెందుకంటే, ఇప్పుడు ఏఐ మోడళ్ళకి వేస్తున్న ర్యాంకుల పట్టికల్లో చాలావాటి వెనక ఉన్నది ఎలో లెక్కా, దాని చుట్టాలే. చదరంగం వాళ్ళు పడిన ప్రతి గుంతా అక్కడ సిద్ధంగా ఉంది. ప్రశ్నలు ముందే శిక్షణలో చూసేసిన మోడలు బిట్ బ్యాంకు పిల్లాడే. ఒక పట్టికలోని అంకెని ఇంకో పట్టికతో పోల్చేవాడు కుప్పం, కోలారు రేటింగులు తీసివేసేవాడే. ఆరు ప్రశ్నల పోటీ సంగతి మొదట్లోనే చెప్పాను. చదరంగంలో తప్పు ర్యాంకు ఇస్తే పోయేదేం లేదు. మన దగ్గర ఆ అంకె చూసి బడ్జెట్లు మారుతున్నాయి, టీములు చిన్నవవుతున్నాయి, ఎవరి ఉద్యోగమో పోతోంది. రెండు నెలల టికెట్ల లెక్కతో మనిషికి ఏడాది రేటింగు వేసే అప్రైజళ్ళ గురించి ఇక మాట్లాడను, మాట్లాడితే ఇంకో టపా అవుతుంది.

అందుకే ఇప్పుడెవరైనా "మేం కొలిచాం, ఇది బెటరు" అంటే నేను నాలుగు ప్రశ్నలడుగుతున్నాను. దేనితో పోటీ పెట్టారు? మేత సమానమేనా? ఎన్ని ఆటలు? ఎప్పుడు ఆపాలో ముందే అనుకున్నారా, గెలిచేదాకా ఆడించి ఆపారా? ఈ మధ్య అయిదోది కూడా చేర్చాను, అందరికీ కోపమొచ్చేది అదే: ఈ ఏడాది మీరు కొలిచినవాటిలో ఎన్ని ఫెయిలయ్యాయి? "ఒక్కటీ కాలేదు, చేసిన ప్రతి మార్పూ మెరుగే" అని జవాబొస్తే, అక్కడ కొలవడం ఇంకా మొదలుకాలేదన్నమాట.